వెనక్కి వచ్చే దారికి ఫీజెంత?

*అమెరికా ఎం.ఎస్. కోసం ఇల్లు తాకట్టు పెడుతున్న కుటుంబాలకు చేరేదాకా అయ్యే ఖర్చు తెలుసు. మధ్యలో ఆగితే ఎంత పోతుందో, ఎంత తిరిగొస్తుందో చెప్పేవాళ్లే లేరు.*

నరసరావుపేటలో ఓ బ్యాంకు శాఖ. పదకొండు దాటింది. లోన్ల కౌంటరు ముందు తండ్రీ కొడుకులు కూర్చున్నారు. తండ్రి ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు ఉంది. అందులోంచి ఒక్కో కాగితం తీసి, చేత్తో సాపు చేసి బల్ల మీద పెడుతున్నాడు. ఇంటి దస్తావేజు, ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటిపన్ను రసీదు, లాయరు ఇచ్చిన లీగల్ ఒపీనియన్. అడుగున పట్టాదారు పాసుపుస్తకం కూడా ఉంది.

"పొలం కాగితాలు మాకు పనికిరావండీ. వ్యవసాయ భూమి మీద ఈ లోను ఇవ్వం. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?"

"మా ఆవిడ పేరు మీదండీ."

"అయితే ఆవిడ కూడా వచ్చి సంతకాలు పెట్టాలి. మీరు కో-అప్లికెంటు, ఆవిడ గ్యారంటరు."

"వడ్డీ ఎంత పడుద్దండీ?"

"ప్రస్తుతానికి పదకొండు శాతం."

ఆయన కాసేపు లోలోపల లెక్క వేసుకుని కొడుకు వైపు తిరిగాడు. "రూపాయి లోపేరా."

మిర్చి పెట్టుబడికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న చెయ్యి అది. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి పన్నెండు శాతం. పదకొండు శాతమంటే తొంభై పైసల చిల్లర. పల్నాడులోనే కాదు, కరీంనగర్‌లోనైనా ఇది చవకైన అప్పే. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే మిర్చి అప్పు పంటకాలంతో తీరిపోతుంది, ఇది పదేళ్లు నడుస్తుంది. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. కొడుకు రెండో సెమిస్టరులో ఏ కారణం చేతనైనా తిరిగొస్తే అప్పటిదాకా కట్టింది ఏమవుతుందన్న ప్రశ్న ఆ బల్ల దగ్గర ఆయన అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఒక్క ఏడాదిలో మారిన గాలి

తెలుగిళ్లలో ఎం.ఎస్. అంటే అమెరికా ఎం.ఎస్.సే. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో మన దేశ విద్యార్థులు 3.31 లక్షలు దాటి, చైనాను వెనక్కి నెట్టారు. మరుసటి ఏడాది ఆ సంఖ్య 3.63 లక్షలకు చేరింది. అయితే పెరిగింది ఎక్కువగా చదువు ముగించి ఓపీటీ (చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసుకునే అనుమతి) మీద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల లెక్క. పీజీ తరగతుల్లో మన పిల్లలు అప్పటికే తగ్గడం మొదలైంది.

2025లో ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. మే నెలాఖరు నుంచి జూన్ మూడో వారం దాకా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల స్లాట్లు ఇవ్వడం ఆపేశారు. ఆగస్టులో తరగతులకు చేరాల్సిన పిల్లలకు సరిగ్గా అదే కీలకమైన సమయం. సెప్టెంబరు 19న కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. అమెరికాలోనే చదువుకుని అక్కడే స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు గానీ, ఊళ్లలో తల్లిదండ్రుల గుండెల్లో రాయి అప్పటికే పడింది. డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో ఆ ఏడాది కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులు 17 శాతం తగ్గారు.

ఇన్ని జరిగినా వెళ్లాలనుకునేవాళ్లు వెళుతూనే ఉన్నారు. వెళ్లొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ చదువుతో బాగుపడిన కుటుంబాలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అన్నీ సవ్యంగా జరిగిన రోజుల్లో మధ్యలో ఆగితే ఎలా అన్న మాట ఎవరికీ అవసరం పడలేదు. ఇప్పుడు పడుతోంది.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది

ఇల్లో, అనుమతులున్న లేఅవుట్‌లో ప్లాటో ఉంటే ప్రభుత్వ బ్యాంకు ఇస్తుంది. గ్రామ పంచాయతీ అనుమతితో వేసిన లేఅవుట్ అయితే చాలాచోట్ల పక్కన పెట్టేస్తారు. ఆస్తి లేనివాళ్లు ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలకు వెళతారు. అక్కడ పని త్వరగా అవుతుంది, వడ్డీ ఎక్కువ, ప్రాసెసింగ్ ఫీజూ ఎక్కువే. హామీదారు లేకుండా నేరుగా డాలర్లలో అప్పిచ్చే విదేశీ సంస్థలు కూడా వచ్చాయి. వీటన్నిటికీ పైన అమ్మ నగల మీద తెచ్చింది, పాడుకున్న చీటీ, మేనమామ సర్దింది. ఈ చివరివి ఏ లెక్కలోనూ కనబడవు. అవి తీర్చేదాకా అక్క పెళ్లి వాయిదా పడిన ఇళ్లు ఎన్నో.

వీసాకు ఆధారంగా విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం రావాలంటే మొదటి ఏడాది ఖర్చంతా ఉందని చూపించాలి. అది లేనివాళ్ల కోసం 'ఫండ్స్ చూపించే' వ్యాపారం ఒకటి నడుస్తోంది. ఖాతాలో కొన్నాళ్లు డబ్బు వేసి ఉంచి, ఉత్తరం తీసుకున్నాక వెనక్కి లాగేసుకుంటారు, అందుకు కమిషన్ పుచ్చుకుంటారు. లేని డబ్బు ఉన్నట్టు కాన్సులేట్‌కు కాగితాలు ఇచ్చినట్టు తేలితే అమెరికా చట్టం ప్రకారం జీవితాంతం వీసాకు అనర్హత పడొచ్చు. ఇరవై రెండేళ్ల పిల్లవాడి నెత్తిన అంత పెద్ద ముప్పు పెట్టి, కమిషన్ పుచ్చుకున్నవాళ్లు పక్కకు తప్పుకుంటారు.

ప్రభుత్వాల సాయం ఉంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విడివిడిగా విదేశీ విద్యానిధి పథకాలున్నాయి. ఎంపికైతే 20 లక్షల దాకా ఇస్తారు. కానీ మొదటి విడత 10 లక్షలు అమెరికాలో దిగినట్టు ఆధారం చూపించాకే వస్తాయి, రెండో విడతకు మొదటి సెమిస్టరు ఫలితాలు చూపాలి. అంటే టిక్కెట్టు, మొదటి ఫీజు, ఇంటి అడ్వాన్సు ముందు ఎవరో పెట్టాలి. ఏ పేద కుటుంబం కోసం పథకం పుట్టిందో ఆ కుటుంబమే ముందుగా బయట అప్పు తేవాల్సి వస్తోంది. విడత ఆలస్యమైతే దాని వడ్డీ కూడా వాళ్లదే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా విదేశీ విద్య పథకం పేరూ మారింది, అర్హతలూ మారాయి. పాత నిబంధనలు నమ్ముకుని విమానం ఎక్కినవాళ్లకు అది నడి సముద్రంలో తెడ్డు జారినట్టయింది.

కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం దేశంలోని ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవాళ్లకే. ఏడాది ఆదాయం 8 లక్షల లోపున్న కుటుంబాలకు 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. విదేశాలకు అది లేదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ విద్యా సాయం కూడా ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఒక్క డాలరు రాదు.

▪ బాక్సు: డాలరు పెరిగితే

రెండేళ్ల ట్యూషన్ 40 వేల డాలర్లు అనుకుందాం. డాలరు 83 రూపాయలున్నప్పుడు అది 33.20 లక్షలు. 90 అయితే 36 లక్షలు. ఫీజు ఒక్క డాలరు పెరగకుండానే 2.80 లక్షలు అదనం. లోను మంజూరయ్యేది రూపాయల్లో, ఫీజు కట్టేది డాలర్లలో. చివరి సెమిస్టరులో పడే ఈ తేడాకే చాలామంది మళ్లీ చేబదులు వెతుక్కుంటున్నారు.

చదువయ్యాక 11 శాతం వడ్డీకి 40 లక్షల బాకీ నిలిస్తే పదేళ్లకు నెలవాయిదా సుమారు 55,100 రూపాయలు. మొత్తం కట్టేది 66 లక్షల పైమాటే. అమెరికా జీతంలో అది 600 డాలర్ల చిల్లర. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం చేసేవాడికి నెల జీతం కంటే ఎక్కువ కావచ్చు.

అసిస్టెంట్‌షిప్ మీద ఆశ

"మొదటి సెమ్ ఒక్కటి కట్టండి చాలు, తర్వాత ఆర్ఏనో టీఏనో వస్తుంది." అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో ఈ మాట వినని తండ్రి ఉండడు.

ఆర్ఏ అంటే ప్రొఫెసరు పరిశోధనలో పని, టీఏ అంటే బోధనలో సాయం, జీఏ అంటే ఏదో ఒక విభాగంలో ఉద్యోగం. వారానికి 20 గంటలు పనిచేస్తే నెలనెలా భృతి ఇస్తారు. మంచి నియామకమైతే ట్యూషన్ మాఫీ అవుతుంది, లేదా స్థానికులకు ఉండే తక్కువ ఫీజు వర్తిస్తుంది. అదొక్కటి దొరికితే ఇంటిమీద భారం సగానికి పడిపోతుంది. నిజమే. కానీ విభాగాలు ఆ డబ్బును ముందుగా పీహెచ్‌డీ విద్యార్థులకు కేటాయిస్తాయి. ఎందుకంటే వాళ్లు నాలుగైదేళ్లు ఉంటారు, పరిశోధన నడిచేది వాళ్లతోనే. ఎం.ఎస్. కోర్సుల్ని చాలా విశ్వవిద్యాలయాలు తమకు ఆదాయ వనరుగా చూస్తాయి. వందలమంది చేరే కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ కోర్సుల్లో టీఏలు పదుల్లోనే ఉంటాయి. దానికి తోడు పరిశోధన నిధుల్లో 2025లో పడిన కోతలు చాలా విభాగాల్లో ఉన్న అవకాశాల్ని కూడా తగ్గించాయి.

మిగిలింది క్యాంపస్ ఉద్యోగం. డైనింగ్ హాల్లో గిన్నెలు తోమడం, లైబ్రరీ కౌంటరు, పార్కింగ్ కార్యాలయం. తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. ఆ డబ్బు అద్దెకూ కూరగాయలకూ సరిపోతే గొప్ప. ఫీజు కట్టడానికి రాదు. బయట గ్యాస్ స్టేషన్లో నగదుకు పనిచేస్తే వీసా హోదానే పోతుంది. అన్నీ తెలిసి కూడా చేసేవాళ్లున్నారు. రెండో సెమిస్టరు ఫీజు గడువు దగ్గర పడ్డప్పుడు ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, ఇంకో మూడు లక్షలు" అనలేక చేసేవాళ్లే వాళ్లలో ఎక్కువ. వాళ్లను తప్పుబట్టడానికి నాకు మనసొప్పదు.

గడువు ఏ రోజుతో ముగుస్తుంది

టెక్సాస్‌లో చదువుతున్న ఒక తెలుగమ్మాయి గురించి చెప్పాలి. సెమిస్టరు మొదలైన నెలకు ఇంట్లో తండ్రికి గుండె ఆపరేషన్ జరిగింది. అమ్మాయి ఉండబట్టలేక వెళ్లిపోదామనుకుంది. సీనియర్లు "విత్‌డ్రా పెట్టెయ్, ఫీజు వెనక్కి వస్తుంది" అన్నారు. ఆన్‌లైన్‌లో బటన్ నొక్కింది. మార్కుల జాబితాలో ప్రతి సబ్జెక్టు పక్కన 'డబ్ల్యూ' పడింది. ఫీజులో ఒక్క డాలరూ వెనక్కి రాలేదు. గడువు పది రోజుల కిందటే ముగిసింది.

'డ్రాప్' అన్నా 'విత్‌డ్రా' అన్నా మనకు ఒకటేలా వినబడతాయి. అక్కడ రెండూ వేరు. తరగతులు మొదలైన తొలి రోజుల్లో, ప్రతి విశ్వవిద్యాలయం ముందే ప్రకటించిన ఒక తేదీలోపు మానేస్తే అది డ్రాప్. ఫీజు పూర్తిగానో ఎక్కువ భాగమో తిరిగొస్తుంది. ఆ తర్వాత మానేస్తే విత్‌డ్రా. వారం వారానికీ తిరిగొచ్చే శాతం తగ్గుతూ పోయి, చాలాచోట్ల సెమిస్టరు సగానికి రాకముందే సున్నా అవుతుంది. ఆ తేదీలు అన్ని విశ్వవిద్యాలయాలకూ ఒకటి కావు. ఒక చోట మొదటి వారమే, మరో చోట మూడో నాలుగో వారం దాకా ఉండొచ్చు. అవి అకడమిక్ క్యాలెండరులో ఉంటాయి, ఫీజులు చూసే బర్సర్ కార్యాలయం పేజీలో ఉంటాయి. అడ్మిషన్ లెటరులో మాత్రం అరుదుగా కనబడతాయి.

వీసా పిల్లలకు మరో మెలిక ఉంది. డబ్బు మిగులుతుందని ఒక్క సబ్జెక్టు తీసేసినా పూర్తికాల విద్యార్థి అనిపించుకోవడానికి కావలసిన క్రెడిట్లు (పీజీలో సాధారణంగా తొమ్మిది) తగ్గిపోతే హోదా చెడుతుంది. అందుకే ఏ బటన్ నొక్కే ముందైనా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో వీసా హోదా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్ఓ)తో మాట్లాడాలి. అనారోగ్యానికి తక్కువ క్రెడిట్లతో కొనసాగే అనుమతి ఉంది. ఇంటికి వెళ్లి రావాలంటే ముందుగా అనుమతి తీసుకునే దారీ ఉంది. కుటుంబంలో ఆపద వస్తే ఫీజు వాపసుకు అప్పీలు చేసుకునే వీలు కూడా చాలాచోట్ల ఉంటుంది. ఆస్పత్రి కాగితాలు జతపరచాలి, దానికీ గడువు ఉంటుంది. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలిసేసరికి ఆ గడువు కూడా దాటిపోయింది.

తిరిగొచ్చిన డబ్బు మన చేతికి రాదన్న సంగతి కూడా తెలిసుండాలి. అప్పు నుంచి కట్టిన ఫీజు వాపసు అయితే అది సాధారణంగా అప్పిచ్చిన సంస్థకే వెళ్లి అసల్లో జమ కావాలి. అదీ వెంటనే కాదు, వారాలు పడుతుంది. ఈలోగా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. రూపాయలు డాలర్లయి, డాలర్లు మళ్లీ రూపాయలయ్యేటప్పుడు రెండు వైపులా మారకం ఖర్చు తరుగుతుంది.

కొన్ని ఎప్పటికీ రావు. వీసా ఫీజు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ సెవిస్ ఫీజు 350 డాలర్లు. వీసా తిరస్కరించినా ఇవి పోయినట్టే. రెండూ కలిపి డాలరు 90 చొప్పున 48 వేల రూపాయలు దాటతాయి. అప్లికేషన్ ఫీజులు ఎన్ని విశ్వవిద్యాలయాలకు పెడితే అన్నీ పోతాయి. సీటు ఖరారుకు కట్టే డిపాజిట్టును వీసా రాకపోతే తిరిగిచ్చేవాళ్లున్నారు, ఇవ్వనివాళ్లూ ఉన్నారు. కట్టేముందే ఒక ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకుంటే సరిపోయే పని ఇది.

మన దేశంలో ఈ విషయంలో యూజీసీ ఒక పద్ధతి పెట్టింది. 2018 నాటి దాని నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజులకు ముందు మానుకుంటే నూరు శాతం, ఆ పదిహేను రోజుల్లో అయితే 90, చివరి తేదీ తర్వాత పదిహేను రోజుల్లోపు 80, ఆపై ముప్పై రోజుల దాకా 50 శాతం తిరిగివ్వాలి. ఆ తర్వాత ఏమీ రాదు. అమల్లో లోపాలున్నా చూపించి అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంది. అమెరికాకు వెళ్లేవాళ్లకు అలా అందరికీ వర్తించే కాగితం లేదు.

▪ బాక్సు: ప్రభుత్వమే నడిపిన విశ్వవిద్యాలయం

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం నిజానికి అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు పన్నిన వల. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. సుమారు 600 మంది విద్యార్థులు ఫీజులు కట్టారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. 2019 జనవరిలో వల బయటపడి మొదట 130 మందిని పట్టుకుంటే, వాళ్లలో 129 మంది భారతీయులు. కట్టిన ఫీజు తిరిగివ్వాలంటూ ఒక విద్యార్థి అమెరికా ప్రభుత్వం మీదే దావా వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, కేసు నడవాల్సిందేనంది. కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ అనే మోసపు విశ్వవిద్యాలయం బాగోతం తర్వాత ఎనిమిదేళ్లకు మళ్లీ మన పిల్లలే దెబ్బతిన్నారు.

సర్టిఫికెట్ల దగ్గరే మొదటి అడ్డంకి

ఈ ప్రయాణం అమెరికాలో మొదలవదు, బీటెక్ కాలేజీ ఆఫీసు గది ముందు మొదలవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివిన విద్యార్థి ఎం.ఎస్.కు దరఖాస్తు పెట్టాలంటే మార్కుల జాబితాలు, ప్రొవిజనల్, ట్రాన్స్‌స్క్రిప్టులు కావాలి. ప్రభుత్వం బకాయిలు కట్టలేదు కాబట్టి ముందు నువ్వు కట్టు, డబ్బొచ్చాక తిరిగిస్తామంటుంది కాలేజీ. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పాటించాల్సి వచ్చింది. జీతాలివ్వలేకపోతున్నామన్న వాళ్ల గోడులో నిజముంది. కానీ ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య తగువులో సర్టిఫికెట్లు తాకట్టు కావడం అన్యాయం. ఒరిజినల్స్ ఆపుకోకూడదని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. చేతిలో డబ్బుండి కట్టగలిగినవాడు గడువులోగా దరఖాస్తు పెడతాడు. లేనివాడు బయట వడ్డీకి తెచ్చి సర్టిఫికెట్లు విడిపించుకుంటాడు. విదేశీ చదువు అప్పుల్లో మొదటి అప్పు అలా ఇక్కడే పుడుతోంది.

▪ బాక్సు: అక్కడే పుట్టిన మన పిల్లలకూ

అమెరికా పౌరులైన తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా పీజీ చదువు బరువవుతోంది. ఫీజెంతైనా పూర్తిగా ఇచ్చే గ్రాడ్ ప్లస్ ఫెడరల్ రుణాన్ని కొత్తవాళ్లకు 2026 జులై 1 నుంచి ఆపేస్తూ 2025 జులైలో చట్టం వచ్చింది. ఇకపై పీజీకి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లే పరిమితి. వైద్యం, న్యాయం వంటి వృత్తి కోర్సులకు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు. ప్రైవేటు మెడికల్ కాలేజీల ఖర్చు దీన్ని సులభంగా దాటుతుంది. మిగిలిన దానికి ప్రైవేటు అప్పులే దిక్కు, వాటికి తల్లిదండ్రుల సంతకాలు కావాలి.

అడగాల్సినవాళ్లు, చెప్పాల్సినవాళ్లు

కన్సల్టెన్సీ విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోకుండా ఉచితంగా పనిచేస్తానంటే, దాని ఆదాయం విశ్వవిద్యాలయం ఇచ్చే కమిషన్. చాలా ఒప్పందాల్లో అది విద్యార్థి చేరి, ఫీజు వాపసు గడువు దాటాకే అందుతుంది. అందుకే వాళ్ల నోట రిఫండ్ తేదీ రాదు. ఇది ఒక్కరిద్దరి దుర్మార్గం కాదు, ఏర్పాటే అలా ఉంది. దాన్ని సరిదిద్దాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలు. కన్సల్టెన్సీలకు రిజిస్ట్రేషన్ పెట్టి, ఏ విశ్వవిద్యాలయం నుంచి కమిషన్ తీసుకుంటున్నారో, అక్కడ డ్రాప్ గడువు ఏదో తల్లిదండ్రులకు తెలుగులో రాసివ్వాలన్న షరతు పెట్టొచ్చు. బ్యాంకులు మంజూరు పత్రంతోపాటు మరో పేజీ ఇవ్వొచ్చు: మొదటి సెమిస్టరు తర్వాత ఆగితే బాకీ ఎంత, రెండో దాని తర్వాత ఎంత, ఇక్కడి జీతంతో తీర్చాలంటే నెలకు ఎంత. ఆ లెక్క వేసే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది.

కొన్ని వెసులుబాట్లు ఉండి కూడా వాడుకలోకి రావడం లేదు. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు లోనుతో పంపే ఫీజుకు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన మేరకే పడుతుంది, అది ఐటీ రిటర్నులో తిరిగి పొందొచ్చు. చదువు లోను వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది. చదువుకునే కాలంలో నెలనెలా వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోతే అసలు పెరగదు, కొన్ని బ్యాంకులు అందుకు రేటు కూడా కాస్త తగ్గిస్తాయి.

ఇంకా తేల్చుకోలేనివాళ్లకు మరో దారి కూడా ఉంది. గేట్ రాసి ఐఐటీలోనో ఎన్ఐటీలోనో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల భృతి వస్తుంది. అంటే అప్పుతో కాదు, స్టైపెండుతో పీజీ. పీహెచ్‌డీకి అమెరికా వెళితే ఫీజు మాఫీతోపాటు భృతి దొరికే అవకాశం ఎం.ఎస్. కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

వీసా స్లాటు దొరక్క ఈసారి ఆగిపోయినవాళ్లు సీటు వదులుకోనక్కర్లేదు. చాలా విశ్వవిద్యాలయాలు తర్వాతి సెమిస్టరుకో ఏడాదికో అడ్మిషన్ వాయిదా వేసుకోనిస్తాయి. గ్రాడ్యుయేట్ ఆఫీసుకు ముందే రాసి, డిపాజిట్ కూడా ముందుకు బదిలీ అవుతుందో లేదో అడగాలి. కొత్త ఐ-20 తీసుకోవాలి. సెవిస్ నంబరు మారకపోతే కట్టిన 350 డాలర్లు సాధారణంగా అలాగే చెల్లుతాయి. బ్యాంకు మంజూరు పత్రానికి కూడా గడువుంటుంది. అది ముగియకముందే పొడిగింపు అడిగితే ఈసీ, వాల్యుయేషన్, లీగల్ ఒపీనియన్ మళ్లీ మొదటి నుంచి చేయించుకునే ఖర్చు తప్పుతుంది.